తాగుడు మానినవానికి అన్నమూ, ఆటా

గత మాఘమాసంలో ఒక రాత్రి, అరకులోయకు పైకొండల్లోని ఒక గ్రామం నుంచి ఒక ఉపాధ్యాయుడు నాకు ఫోను చేశారు. నేను ఏజెన్సీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన చిన్న పిల్లవాడు. ఇప్పుడు ఆ ఊరి బడి ఆయన చేతిలో ఉంది. “డాక్టరు గారూ, మా తమ్ముడు తాగుడు మానేశాడు. ఒంట్లో సత్తువ లేదు. ఏం తినిపించమంటారు? రోజూ ఎంత దూరం నడిపించమంటారు?” అని అడిగారు. గొంతులో సంతోషం దాగడం లేదు.

నేను ఆహారం మాట ఎత్తలేదు. ఆఖరుసారి ఎప్పుడు తాగాడని అడిగాను. నిన్న పొద్దున అన్నారు. చేతులు వణుకుతున్నాయా? వణుకుతున్నాయి. చెమటలు? దుప్పటి తడిసిపోతున్నది. నిద్ర? రాత్రంతా లేదు, గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తున్నాడు. “మాస్టారూ, ఇప్పుడు నడిపించవలసింది ఆసుపత్రికి మాత్రమే. అదీ జీపులో. ఈ రాత్రికే” అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు ఒక క్షణం మాట్లాడలేదు. మంచి వార్త చెప్పబోతే డాక్టరు అపశకునం పలికాడనుకొని ఉంటారు.

ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపినప్పుడు మెదడు ఆ మార్పును తట్టుకోలేదు. మొదటి పూటలోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, జ్వరం వస్తుంది, గుండె వేగం అదుపు తప్పుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. ఇంట్లోవారు దీన్ని దయ్యం పట్టిందనో, సారా విషం దిగుతున్నదనో అనుకొని నాలుగు రోజులు గదిలో కట్టి ఉంచుతారు. తాగుడు మానడం మంచి పనే. ఎక్కువగా తాగేవాడు దాన్ని వైద్యుని కనుసన్నల్లో మానాలి. వ్యాయామం గురించీ, ఆహారం గురించీ నేను చెప్పబోయే ప్రతి మాటా ఆ మొదటి వారం గడిచిన తరువాతికే వర్తిస్తుంది. ఒక్క బి1 విటమిను మాత్రం దీనికి మినహాయింపు.

ఆ మినహాయింపు నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పాలి. 1980ల్లో, కొండల్లోని ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్త. ఒక నడివయసు రైతును మంచం మీద మోసుకొచ్చారు. నాలుగైదు రోజులుగా అన్నం లేదు, సారా తప్ప, ఒకటే వాంతులు. నీరసంగా ఉన్నాడని గ్లూకోజు సీసా ఎక్కించాను. అది అయ్యాక మరొకటి. బంధువులు ఎంతో తృప్తిపడ్డారు. సీసా ఎక్కితే ప్రాణం లేచి వస్తుందని వారి నమ్మకం. ఆ రోజుల్లో అది నా నమ్మకం కూడా. మర్నాటికి అతని కనుగుడ్లు అటూ ఇటూ అదరసాగాయి. నిలబెడితే అడుగు తడబడింది. భార్యను చూసి ఎవరో అన్నాడు. విశాఖకు పంపించాం. మనిషి బ్రతికాడు, కాని పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తుండేది కాదు. చివరివరకూ అంతే.

మన శరీరంలో బి1 విటమిను నిల్వ మహా అయితే 30 మిల్లీగ్రాములు. రెండు మూడు వారాలు తినకపోతే ఖాళీ. సారా ఆ విటమినును పేగుల్లో ఇంకనివ్వదు. అసలే ఖాళీ అయిన ఒంట్లోకి చక్కెర ఎక్కిస్తే, దాన్ని వాడుకునే తొందరలో మెదడు మిగిలిన ఆ కాస్త బి1నూ ఖర్చు చేసుకుంటుంది. ముందు బి1 సూది వేసి, ఆ తరువాత గ్లూకోజు పెట్టి ఉంటే ఆ రైతు తన భార్యను గుర్తుపట్టి ఉండేవాడని నా అనుమానం. ఆ సూదిమందు ఆ గదిలోని అలమారులోనే ఉంది. అందుకే తాగుడు మానిన ప్రతివారి ఇంటా నేను మొదట చెప్పేది ఇదే: బలం కోసమని దారిన పోయే వైద్యుని చేత గ్లూకోజు ఎక్కించకండి, బి1 ఇచ్చారా అని అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడడు. కోప్పడితే మరొకరిని చూసుకోండి.

ఇక ఆహారం సంగతి. తాగేవాడు తిండి ఎందుకు మానేస్తాడో చాలామందికి తెలియదు. ఒక గ్రాము ఆల్కహాలు 7 కేలరీల శక్తినిస్తుంది. దుకాణంలో దొరికే క్వార్టరు సీసాలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అంటే 420 కేలరీల పైమాటే. రెండు సీసాలు తాగినవాడికి ఒక పూట భోజనం చేసినంత శక్తి అందుతుంది, ఆకలి చచ్చిపోతుంది. అయితే ఆ శక్తితోపాటు మాంసకృత్తులు లేవు, విటమిన్లు లేవు, ఖనిజాలు లేవు. కండ కరుగుతుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, రక్తం పలచబడుతుంది. సీసా మానిన రోజున ఆ 800 కేలరీలకు బదులుగా ఏదో ఒకటి పడాలి. పడకపోతే సాయంత్రానికి వచ్చే నీరసాన్ని, చిరాకును, వణుకును మనిషి తాగాలన్న కోరికగా అర్థం చేసుకుంటాడు. నా అనుభవంలో సాయంత్రం ఆరు గంటలకు పుట్టే “మందు కావాలి” అన్న కోరికలో కొంత భాగం ఆకలి. అది ఎంత భాగమో కొలిచి చెప్పలేను. కాని ఐదు గంటలకే కడుపు నిండా తిన్నవాడు ఆరు గంటలకు సంత దారి పట్టడం తక్కువ.

జీలుగు కల్లు మాట తీసుకురాకుండా కొండల్లో ఈ సంగతి మాట్లాడలేం. తెల్లవారుజామున దించిన కల్లు తీయగా ఉంటుంది; పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, మత్తు పెరుగుతుంది. అది ఆహారమే కదా డాక్టరు గారూ అని నన్ను చాలామంది నిలదీశారు. వారు పూర్తిగా పొరపాటు పడలేదు. అందులో చక్కెర ఉంది, పులియబెట్టే సూక్ష్మజీవుల వల్ల కొన్ని బి విటమిన్లు కూడా ఉన్నాయి. చాలా ఇళ్ళలో అది పొద్దుటి ఫలహారం స్థానంలో నిలిచింది. పెళ్ళిలో, చావులో, చైత్రమాసపు ఇటికల పండుగలో దానికొక మర్యాద ఉంది. దాన్ని హేళన చేసే హక్కు మైదానం నుంచి వెళ్ళిన మాబోటివారికి లేదు. ఈ కొండల్లో కల్లుగీత మీద వేసిన ఆంక్షలూ, పన్నులూ 1879 నాటి రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఉన్నాయన్న సంగతి మరచిపోకూడదు. అదే మన్యంలో 1922కు ముందు అల్లూరి సీతారామరాజు ఊరూరా తిరిగి తాగుడు మానమని, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకొమ్మని చెప్పాడు. ఈ రెండు సంగతులకూ పొంతన లేదని కొందరు అంటారు. నాకు అలా తోచదు. తన కల్లు మీద మరొకరి పెత్తనాన్ని ఒప్పుకోని మనిషి, తన మీద కల్లు పెత్తనాన్ని మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

అసలు తేడా మరొకచోట ఉంది. జీలుగు చెట్టుకు ఒక ఋతువు ఉంది. గెల అయిపోతే కల్లు ఆగిపోతుంది. ఏడాదిలో కొన్ని నెలలు శరీరానికి తనంతట తానే విరామం దొరికేది. బెల్టు షాపు సీసాకు ఋతువు లేదు. నేను పనిచేసిన కాలంలో కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి వచ్చినవారిలో ఎక్కువమంది సారాకో, సీసాకో అలవాటుపడ్డవారే. అలాగని కల్లును నిర్దోషి అని తీర్పు చెప్పడం లేదు. ఒకసారి వ్యసనంలో పడి బయటికి వచ్చినవాడికి కల్లు కూడా సీసాయే. “కల్లు తాగితే ఏమవుతుంది, అది చెట్టుదే కదా” అని మొదలై మళ్ళీ దుకాణం గడప తొక్కినవారిని లెక్కలేనంతమందిని చూశాను.

మరి పళ్ళెంలో ఏముండాలి? పట్నంలో ఆహార నిపుణులు రాసిచ్చే కాగితంలో ఓట్సు, బాదం, ఆపిల్ పండు కనిపిస్తాయి. కొండ మీద ఆ కాగితం పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుంది. అక్కడే పండేవి చూడండి. చోళ్ళలో, అంటే రాగుల్లో, మరపట్టిన తెల్లబియ్యంలో కంటే బి1 ఐదారు రెట్లు ఎక్కువ. కాల్షియం సంగతి చెప్పనే అక్కరలేదు. పూర్వం తెల్లవారితే చోడి అంబలి తాగి కొండెక్కేవారు. ఇప్పుడు ఇంటింటా రేషను బియ్యమే. ఆ బియ్యంలో తప్పనిసరిగా కలుపుతూ వచ్చినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12. తాగేవాడికి అన్నిటికంటే అవసరమైన బి1 ఆ మూడింటిలో లేదు. పైగా అన్నం వార్చి గంజి పారబోస్తే ఉన్న కాస్తా పోతుంది. అందుచేత తాగుడు మానిన మనిషికి పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం వీలైతే సామ అన్నం, లేకపోతే గంజి వార్చని అన్నం పెట్టమంటాను.

చింతపల్లి, పాడేరు చుట్టుపక్కల పండే రాజ్మా మైదానంలో మంచి ధర పలుకుతుంది. వంద గ్రాముల రాజ్మాలో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులు, దండిగా ఫోలేటు ఉంటాయి. ఫోలేటు తాగేవారి ఒంట్లో తరుగుపడే మరొక విటమిను. పండించిన ఇల్లే దాన్ని వండుకోదు. సంతలో అమ్మి, ఆ డబ్బులో కొంత దుకాణంలో పోస్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. పంటలో ఒక కుంచెడు ఇంటికి ఉంచుకొమ్మని ఆడవారికి చెప్పండి. ఉలవలు, కందులు, గుడ్డు, మునగాకు, ఎండు చేప ఉంటే ఇంకేమీ కొననవసరం లేదు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి పప్పు, గుడ్డు పెట్టకూడదని ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. అది పాత మాట. అటువంటివారికి మాంసకృత్తులు తగ్గిస్తే కండ మరింత కరుగుతుంది. వారు రాత్రి పడుకోబోయే ముందు కూడా కాస్త ఏదైనా తినాలి; పన్నెండు గంటల ఖాళీ కడుపు వారికి మూడు రోజుల ఉపవాసంతో సమానం. పొట్టలో నీరు ఉన్నవారు మాత్రం ఎండు చేపల, ఊరగాయల ఉప్పు మానాలి.

మానిన మొదటి వారాల్లో తీపి మీద విపరీతమైన కోరిక పుడుతుంది. బెల్లం ముక్కో, అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో తిననివ్వండి. మధుమేహం లేకపోతే ఆ రెండు నెలలు తీపి గురించి సణగకండి. కాఫీ మాట కూడా చెప్పాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పండించే చాలా ఇళ్ళలో కాఫీ తాగే అలవాటే లేదు! కాఫీ తాగేవారిలో కాలేయ వ్యాధులు తక్కువగా కనిపిస్తున్నాయని పరిశీలనలు చెబుతున్నాయి. పొద్దున ఒక గ్లాసు మంచిదే. మధ్యాహ్నం దాటితే వద్దు. తాగుడు మానినవాడికి మొదటి నెలల్లో అసలే నిద్ర పట్టదు, నిద్ర లేని రాత్రి మళ్ళీ సీసా గుర్తొస్తుంది.

ఆహారం అనగానే మరొక ముచ్చట చెప్పక తప్పదు. “భర్తకు తెలియకుండా అన్నంలో కలిపితే చాలు, తాగుడు మానేస్తాడు” అని పొడులు అమ్మేవారు సంతల్లో ఉన్నారు, ఫోనుల్లో ఉన్నారు. కొన్ని పొడుల్లో ఏముందో ఆ అమ్మేవాడికే తెలియదు. కొందరు డైసల్ఫిరామ్ మాత్రలనే నూరి కలుపుతారు. ఆ మందు కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, మనిషి చనిపోవచ్చు. రోగికి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు అది. పైగా ఆ రహస్యం బయటపడిన రోజున అతడు భార్య చేతి అన్నాన్ని నమ్మడం మానేస్తాడు. తినడం ద్వారా కోలుకోవలసిన మనిషికి అంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

వ్యాయామం విషయంలో నేను కొంత నిజాయితీగా మాట్లాడదలచాను. వ్యాయామం చేస్తే తాగుడు పోతుందని చెప్పే వ్యాసాలు ఎన్నో వస్తున్నాయి. పరిశోధనలు అంత మాట చెప్పడం లేదు. వ్యాయామం వల్ల దిగులు తగ్గుతుంది, శరీర దారుఢ్యం పెరుగుతుంది. కోరిక పుట్టిన క్షణంలో పది పదిహేను నిమిషాలు చురుకుగా నడిస్తే ఆ కోరిక కొంతసేపు మెత్తబడవచ్చు. అయితే వ్యాయామం ఒక్కదానితోనే తాగుడు తగ్గినట్టు గట్టి రుజువులు లేవు. అది మందుకు, కౌన్సెలింగుకు తోడు. వాటికి బదులుగా నిలిచే శక్తి దానికి లేదు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన సుమారు 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నది. ఆ మిగిలిన 37 మందికి “పరుగెత్తండి” అని చెప్పి ఊరుకోవడం అన్యాయం.

మరి కొండల్లో మనిషికి నడక నేర్పడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కాఫీ మూటలు భుజాన వేసుకొని రోజంతా కొండ ఎక్కి దిగేవాడికి రోజూ అరగంట నడవమని చీటీ రాసిచ్చిన ఘనత నాది. ఆ చీటీ తీసుకున్నాయన నా ముఖంలోకి చూసి, “ఇక్కడికి ఆరు మైళ్ళు నడిచే వచ్చాను బాబూ” అన్నాడు. కూలిపని ఒంటికి శ్రమ. అందులో మనసుకు ఆటవిడుపు లేదు. నొప్పి పుట్టించిన ఆ శ్రమే సాయంత్రం “ఒళ్ళునొప్పులకు కాస్త పుచ్చుకుందాం” అనడానికి కారణమవుతుంది. అటువంటివాడికి కావలసింది మరింత శ్రమ కాదు. తాగే గంటలో, తాగనివారి నడుమ, నవ్వుతూ ఒళ్ళు కదిలే అవకాశం కావాలి.

ఆ అవకాశం కొండల్లో కొత్తగా కట్టవలసిన పని లేదు. సాయంత్రమైతే ఎన్నో గ్రామాల్లో కుర్రవాళ్ళు వాలీబాల్ వల కడతారు. థింసా ఉంది: చేతులు వీపుల వెనుక పెనవేసుకొని, డప్పుకు అడుగు కలుపుతూ గంటల తరబడి సాగే ఆట. ఒక వైద్యునిగా చెబుతున్నాను, గుండెకూ కాళ్ళకూ అంతకంటే మంచి వ్యాయామం అరుదు. పక్కవాడి చేయి పట్టుకోనిదే ఆడలేని వ్యాయామం అది. వ్యసనం మనిషిని ఊరి నుంచి విడదీస్తుంది. ఈ ఆట తిరిగి వలయంలో నిలబెడుతుంది. చిక్కు ఏమిటంటే, థింసా ఆడే చోట కుండ ఉంటుంది, వాలీబాల్ గెలిచిన జట్టు చేతిలో సీసా ఉంటుంది. పర్యాటకుల కోసం రిసార్టుల్లో ఆడించే థింసా తరువాత ఆడినవారికి ఏం పోస్తున్నారో కూడా ఒకసారి విచారించాలి. మానినవాడు మొదటి ఏడాది ఆ ఆటలకు ఒంటరిగా వెళ్ళకూడదు. ఊళ్ళో ఒక్క జట్టయినా “మా ఆట దగ్గర సీసా లేదు” అని నిలబడితే, అతడు ఆ జట్టుతో ఉండవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ ప్రాంతపు గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు, దాని వాహక లక్షణం ఉన్నవారు ఉన్నారు. వారు ఎండలో నీళ్ళు తాగకుండా ఒళ్ళు అలిసేట్టు పరుగెత్తితే ప్రమాదం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద పరీక్ష ఉచితంగా చేస్తారు. ఆటలో దిగే ముందు చేయించుకోండి. ఏళ్ళ తరబడి తాగినవారి గుండె కండరం బలహీనపడి ఉండవచ్చు; ఆయాసం, కాళ్ళ వాపు ఉంటే ముందు డాక్టరుకు చూపించి, తరువాతే మైదానంలోకి దిగాలి.

గంజాయి సంగతి వేరే వ్యాసమవుతుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికివేశారు. తోటలో కూలికి వెళ్ళి అలవాటుపడిన కుర్రవాళ్ళకు వైద్యం ఎవరు చేయాలన్నది ఆ జోరులో పెద్దగా వినిపించలేదు. మానిన మొదటి రెండు వారాలు వారికి ఆకలి వేయదు, నిద్ర రాదు, కోపం ముక్కు మీద ఉంటుంది. రెండు ముద్దల చొప్పున రోజుకు ఐదారుసార్లు పెట్టండి. బలవంతం చేయకండి.

ఇంత చెప్పాక, పళ్ళెమూ ఆటా ఒక్క ఇంటి బాధ్యత అనుకుంటే పొరపాటే. బడికి వెళ్ళే దారిలో బెల్టు షాపు ఉన్నంతకాలం ఏ అంబలీ చాలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారా దుకాణం మూయించడంతో మొదలైన ఉద్యమం, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది. కొండలకు అంతకంటే దగ్గరి దారి ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండాలని చెబుతున్నది. ఆ అధికారాన్ని వాడుకొని ఒక గ్రామసభ దుకాణం మూయించిందంటే, అది వంద మంది వైద్యుల చీటీల కంటే విలువైనది. మనసు విప్పి మాట్లాడాలంటే 14416, వ్యసనం గురించి సలహా కావాలంటే 14446 అనే నంబర్లకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. సిగ్నలు దొరికే గట్టు ఎక్కవలసి రావచ్చు.

ఆ ఉపాధ్యాయుని తమ్ముడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. మాస్టారు మళ్ళీ ఫోను చేసి, మొదటి రాత్రి అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగారు. ఈసారి గంటసేపు మాట్లాడుకున్నాం. పొద్దున అంబలి, ఐదు గంటలకు రాజ్మా కూరతో అన్నం, ఆ తరువాత చీకటి పడేదాకా బడి ఆవరణలో వాలీబాల్. వల కొన్నది మాస్టారే. వైశాఖంలో మేనమామ కూతురి పెళ్ళిలో అతడు మళ్ళీ తాగాడు. మూడు రోజులు తాగాడు. నాలుగో రోజున, ఈసారి ఎవరూ చెప్పకుండానే, అన్నదమ్ములిద్దరూ జీపెక్కి ఆసుపత్రికి వెళ్ళారట. బి1 సూది వేశారా అని అడిగాను. “వాడే అడిగి వేయించుకున్నాడండీ” అన్నారు మాస్టారు.